ఎద్దుల కష్టం ఎరుగని గ్రాఫిక్స్ కార్డు గారికి

శ్రీయుత గ్రాఫిక్స్ కార్డు గారి దివ్య సముఖమునకు,

అనంతపురం నుంచి మీ కొత్త యజమాని నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరు క్షేమమని ఒంటి మీది రంగు లైట్లు చూస్తేనే తెలుస్తోంది.

నిన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని మిమ్మల్ని క్యాబినెట్‌లో ప్రతిష్ఠించడానికి కూర్చున్నాను. తమరిది మూడు ఫ్యాన్ల దేహం కదా, హార్డ్ డిస్క్ గూడు పీకితే గానీ పట్టలేదు. కంప్యూటర్‌కి కరెంటు అందించే పాత ఎస్ఎంపీఎస్‌ డబ్బాలో మీకు పెట్టే ఎనిమిది పిన్నుల వైరు లేదు. బండేసుకుని క్లాక్ టవర్ దగ్గరికి పోయి, సగం షట్టర్ దించిన షాపులోకి వంగి దూరి, 4,500 పెట్టి కొత్తది తెచ్చాను. అన్నీ బిగించేసరికి కరెంటు పోయింది. సాయంత్రం ఆరింటికి గేమ్ ఆన్ చేస్తే మీ మూడు ఫ్యాన్లలో ఒక్కటీ తిరగలేదు.

చచ్చిన కార్డు అంటగట్టారనుకున్నాను. మళ్ళీ విప్పాను, ఊదాను, బిగించాను. అప్పుడు లోపల ఎవరెంత పని చేస్తున్నారో చూపించే టాస్క్ మేనేజర్ తెరిస్తే తెలిసింది. తమరికి జబ్బేమీ లేదు. పనే లేదు. ఒళ్ళు వేడెక్కితే గానీ తిరగని ఫ్యాన్లట మీవి. జీపీయూ, అంటే తమరు, 4 శాతం! పక్కన నా పాత ప్రాసెసర్‌లో ఒక కోర్ మాత్రం 100 దగ్గర నిలబడి, దాని చిన్న ఫ్యాను పిండిమర లాగా అరుస్తోంది.

మిమ్మల్ని ఎందుకు తెచ్చుకున్నానో ఒకసారి మనవి చేసుకోనివ్వండి. సంక్రాంతికి మా అక్క కొడుక్కి బండలాగుడు గేమ్ చేసిస్తానని మాటిచ్చాను. రెండు ఎద్దులు, ఒక కాడి, నలభై ముక్కలు గొలుసుగా కలిపిన మోకు, దాని చివర 1,500 కిలోల బండ. చెర్నాకోల ఝళిపించగానే మోకు బిగుసుకుంటుంది, రెండు సెకన్లు వణుకుతుంది, ఆ తర్వాత రబ్బరులా సాగి ఎద్దులను ఆకాశంలోకి విసిరేస్తుంది. "మామా, ఎద్దులు ఎగిరిపోయినాయి" అని వాడు పడిపడి నవ్వుతుంటే, గేమ్‌లో ఏది ఎట్లా కదలాలో లెక్కేసే ఫిజిక్స్‌కి బలం చాల్లేదు, మంచి కార్డు పడితే సరిపోతుందని నేనే తేల్చేసుకున్నాను. షాపతన్ని "ఫిజిక్స్‌కి ఏ కార్డు బాగుంటుంది?" అని అడిగితే, "ఏమప్పా, పిల్లోడు ఇంటరా?" అన్నాడు. ఆ రోజు నవ్వుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాట నా కంటే దగ్గరగానే ఉంది.

మీ పేర్ల గురించి ఎక్కువ మాట్లాడను. అంకెల వెనక టీఐ, దాని వెనక సూపర్. మా పెళ్ళిపత్రికల్లో డిగ్రీలు కూడా ఇంత పొడుగుండవు.

కానీ ఫిజిక్స్ సంగతి మాత్రం వదలను. 2006లో ఏజియా అనే కంపెనీ ఫిజిక్స్ లెక్కల కోసమే విడిగా ఒక కార్డు అమ్మింది. 2008లో ఆ కంపెనీని ఎన్విడియా కొనేసింది, ఆ లెక్కలు గ్రాఫిక్స్ కార్డు మీద కూడా నడిచే దారి వచ్చింది. ఇంతవరకు చదివి నేను 26 వేలు తీశాను. దారి ఉన్నంత మాత్రాన నేను గేమ్ కట్టుకునే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ ఆ దారిన పోవాలని ఎక్కడా లేదని, ఎద్దుల్నీ మోకునీ బండనీ అది మామూలుగా ప్రాసెసర్ మీదే లెక్కేస్తుందని ఇంకో పేజీ తిప్పి ఉంటే తెలిసేది. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16.67 మిల్లీసెకన్లు. ఆ లోపల నలభై ముక్కల లెక్క మీ దగ్గరికి పంపి, మీరు చేశాక వెనక్కి తెప్పించుకుని, ఎద్దు కాలు ఎక్కడ పెట్టాలో చెప్పాలి. చెంబెడు నీళ్ళకు ట్యాంకర్ పిలిచినట్టు. వేలకు వేల కణాలు ఒకేసారి కదలాలంటే మీరు మొనగాళ్ళే, కాదనను. నా దగ్గరున్నవి రెండు ఎద్దులు.

అసలు కడుపు మండింది ఇక్కడ కాదు. రాత్రి పదకొండింటికి దొరికిన మందుకు పైసా ఖర్చు లేదు! మోకు ముక్క ఒక్కోటి 0.2 కిలోలు పెట్టాను, బండ 1,500. అంత తేడా ఉంటే ముక్కల్ని కలిపి ఉంచే లెక్క చేసే సాల్వర్ ఎన్నిసార్లు సర్దినా లెక్క కుదరదు, మిగిలిన తప్పంతా మోకు సాగడంలో బయటపడుతుంది. ముక్కని 20 కిలోలు చేశాను. సాల్వర్ ఇటరేషన్లు, అంటే అది లెక్క సర్దే సార్లు, 6 నుంచి 40కి పెంచాను. ఒక లెక్కకీ ఇంకో లెక్కకీ మధ్య ఎడం, అదే టైమ్‌స్టెప్, 0.02 సెకన్ల నుంచి 0.005కి దించాను. మూడు డబ్బాల్లో మూడు అంకెలు. మోకు కాస్త వణికింది, బండ కదిలింది, ఎద్దులు నేల మీదే ఉన్నాయి. నువ్వు అప్పటికీ 5 శాతం దగ్గర లైట్లు మార్చుకుంటూ కూర్చున్నావు. పనికి పిలిచిన కూలీ గట్టు మీద కూర్చుని సెల్ఫీ దిగుతుంటే ఎట్లుంటుందో అట్లుంది నాకు. ఏం తిని పెరిగావు నువ్వు? నా 26 వేలు తిని!

ఇంకొక్కటి చెప్పకపోతే అబద్ధమవుతుంది. పొద్దున కోపంలో గేమ్‌లోని దుమ్ము లెక్క మొత్తం నీ నెత్తిన పడేశాను. అంతకుముందు ప్రాసెసర్ మీద రెండు వేల రేణువులకే గేమ్ ఈడిగిలబడేది. నీకు రెండు లక్షలు రాసిచ్చాను. బండ కదలగానే దాని వెనక ఎర్ర దుమ్ము లేచింది. గిట్టల మధ్య సుడి తిరిగి, ఎండ పడినచోట తేలికై, మెల్లగా కిందికి దిగింది. తాడిపత్రి దగ్గర మా ఊరి తిరునాళ్ళలో నాయన భుజమ్మీద కూర్చుని చూసిన దుమ్ము. మా వాడు నవ్వడం ఆపి స్క్రీన్ దగ్గరికి జరిగాడు.

"ఇంకొంచెం లేపు మామా" అన్నాడు.

ఐదు లక్షలు చేశాను. క్యాబినెట్‌లో గుర్రుమని మూడు ఫ్యాన్లూ తిరిగాయి.

ఇట్లు,
ఇంకా పది ఈఎంఐలు కట్టాల్సిన
తమ విధేయుడు

తా.క.: ఆ రంగు లైట్లు ఎట్లా ఆర్పాలో తెలుపగలరు. మంచం ఆ పక్కనే.