షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

గత జనవరిలో స్వదేశానికి వెళ్లినప్పుడు, అవనిగడ్డ మీదుగా నాగాయలంక దాటి, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊరికి పనిగట్టుకుని వెళ్లాను. ఆ చుట్టుపక్కల ఒక కమ్యూనిటీ హాలు కట్టించాలనీ, తుఫాను వచ్చినప్పుడు అదే షెల్టరుగా పనికివస్తుందనీ ప్రవాసంలో ఉన్న మన సంఘంలో ఒక ప్రతిపాదన ఉన్నందువల్ల, అక్కడ ఇదివరకే ఉన్న షెల్టరు ఎలా ఉందో చూడాలనిపించింది. స్తంభాల మీద ఎత్తుగా లేపిన పాత భవనం అది. పైకి వెళ్లడానికి ఇరుకు మెట్లు తప్ప మరో దారి లేదు. మరుగుదొడ్డి కింద ఉంది, అంటే ఉప్పెన వచ్చిన రాత్రి నీళ్లలో మునిగేది ముందుగా అదే. తలుపుకు తాళం వేసి ఉంటే ఒక కుర్రాడు సైకిలు మీద వెళ్లి, ముప్పావు గంట తర్వాత తాళంచెవి తెచ్చాడు. లోపల ఎవరివో ధాన్యం బస్తాలు ఉన్నాయి. మాతో పాటు వచ్చిన ఒక పెద్దావిడ అంతా విని, "మీరు కట్టేదాంట్లో గేదెను ఎక్కడ కట్టుకోవాలి బాబూ?" అని అడిగింది. నా బ్యాగులో ఉన్న ప్లాను కాగితంలో వేదిక ఉంది, గ్రీన్ రూం ఉంది, దాతల పేర్లు చెక్కే శిలాఫలకానికి చోటు కూడా ఉంది. ఆమె ప్రశ్నకు మాత్రం అందులో జవాబు లేదు.

ఆ ప్రశ్న చాదస్తం కాదని, ఆ ఊరు ఉన్న దివిసీమ చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న అయిదారు మీటర్ల ఎత్తున ఉప్పెన ఊళ్ల మీద పడినప్పుడు పోయినవారు పది వేలకు పైమాటే. పశువుల లెక్క వేరు. ఆ తర్వాత కోస్తా పొడవునా షెల్టర్లు కట్టారు, హెచ్చరికల వ్యవస్థ మెరుగుపడింది. 1990 మేలో మళ్లీ పెను తుఫాను వచ్చినప్పుడు లక్షలాది మందిని ముందే తరలించగలిగారు కనుక మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. కాబట్టి షెల్టర్లు వృథా అని నేను అనడం లేదు. గేదె మీద వచ్చే పాల డబ్బుతో ఇల్లు గడుపుకునే మనిషి, దాన్ని గుంజకు వదిలేసి రమ్మంటే, గాలి హోరెత్తేదాకా ఇల్లు కదలదనీ, కదిలే సమయానికి రోడ్డు మీదికి నీళ్లు వచ్చేసి ఉంటాయనీ అంటున్నాను. పడవనూ వలనూ ఒడ్డున వదిలిరాలేని మత్స్యకారుల సంగతీ ఇంతే.

ఈ విషయంలో మనకన్నా ఎక్కువ మూల్యం చెల్లించి, మనకన్నా ఎక్కువ నేర్చుకున్న దేశం బంగ్లాదేశ్. అక్కడ 1970 తుఫానులో కనీసం మూడు లక్షల మంది చనిపోయారు. 1991లో సుమారు 1 లక్షా 38 వేల మంది పోయారు. అప్పటికే అక్కడ కొన్ని షెల్టర్లు ఉన్నాయి, హెచ్చరికలూ వెళ్లాయి. అయినా 1991లో 20 నుంచి 44 ఏళ్ల వయసు ఆడవాళ్లలో ప్రతి వెయ్యికి 71 మంది, అదే వయసు మగవాళ్లలో 15 మంది చనిపోయినట్లు తర్వాత జరిపిన పరిశీలనల్లో తేలింది. తుఫాను ఆడా మగా చూసి కొట్టదు కదా, మరి ఈ తేడా ఎక్కడిది? పరాయి మగవాళ్లతో ఒకే గదిలో రాత్రంతా గడపడానికి పరదా పాటించే ఆడవాళ్లు వెనకాడారు. వేరుగా మరుగుదొడ్లు లేవు. భర్త వచ్చి చెబితే తప్ప ఇల్లు దాటే అలవాటు చాలామందికి లేదు. చంటిపిల్లలను, ముసలివాళ్లను, కోళ్లను, మేకలను చూసుకునే బాధ్యత వాళ్లదే. షెల్టరు గీసిన ఇంజనీరు ఎన్ని చదరపు అడుగులకు ఎంతమంది పడతారో సరిగ్గానే లెక్క కట్టాడు, ఆ ఎంతమందిలో ఎవరు వస్తారో, ఎవరు రాలేరో అడగలేదు.

తర్వాతి షెల్టర్లలో ఆడవాళ్లకు వేరు గదులు, వృద్ధులూ వికలాంగులూ ఎక్కగలిగే వాలుదారులు, పశువులకు చోటు వచ్చాయి. ఊరి పక్కన పశువుల కోసం ఎత్తైన మట్టి దిబ్బలు కట్టారు. చాలా భవనాలు మామూలు రోజుల్లో ప్రాథమిక పాఠశాలలు, కాబట్టి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. ఇంటింటికీ వెళ్లి హెచ్చరిక చెప్పే వాలంటీర్లు ఇప్పుడు డెబ్బై వేలకు పైగా ఉంటే వారిలో సగం మంది మహిళలు. 2007లో వచ్చిన సిడ్ర్ తుఫాను చాలా తీవ్రమైనదే, అయినా మృతుల సంఖ్య 3,400 దగ్గర ఆగింది. అది చిన్న సంఖ్య కాదు, కానీ 1991 పక్కన పెట్టి చూడండి.

మన సభ్యుల్లో సగం మంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. హ్యూమన్ సెంటర్డ్ డిజైన్, అంటే వాడే మనిషిని ముందు గమనించి ఆ తర్వాతే గీయడం అన్న మాట వారికి నేను నేర్పవలసిన పని లేదు. ఒక యాప్‌లో బటన్ ఎక్కడ ఉండాలో తేల్చడానికి పదిమంది యూజర్లను కూర్చోబెట్టి, వాళ్ల వేలు ఎటు వెళుతుందో గమనించి రాసుకునేవాళ్లం, మూడు వేల మంది ప్రాణాలు దాచుకోవలసిన హాలు ప్లానును జూమ్ మీటింగులో నలభై నిమిషాల్లో ముగించేశాం. ఆ మీటింగులో నేనూ ఉన్నాను, నేనూ చెయ్యి ఎత్తాను.

ఇళ్ల విషయంలోనూ ఈ పొరపాటుకు పాత ఉదాహరణలు ఉన్నాయి. 1993 సెప్టెంబరు 30 నాటి లాతూర్ భూకంపం తర్వాత 52 ఊళ్లను మొత్తంగా వేరేచోటికి మార్చి, గళ్లనోటు పుస్తకంలా వీధులు గీసి ఇళ్లు కట్టి ఇచ్చారు. గట్టి ఇళ్లే కానీ, వాకిలీ పశువుల కొట్టమూ ఉమ్మడి కుటుంబమూ ఆ గళ్లలో ఇమడలేదు. 2001 జనవరి 26 గుజరాత్ భూకంపం తర్వాత పద్ధతి మారింది. డబ్బు విడతలవారీగా ఇంటివాళ్ల చేతికే ఇచ్చి, ఇంజనీర్లు తనిఖీ చేస్తుంటే, ఎక్కువమంది తమ ఇల్లు తామే కట్టుకున్నారు. కచ్‌లో భుంగా అనే గుండ్రటి మట్టి ఇళ్లు ఆ భూకంపానికి బాగా నిలబడ్డాయన్నదీ అప్పుడే అందరి కంటా పడింది. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు చూసినవారికి ఆ ఆకారం కొత్త కాదు. గుండ్రటి గోడ, దాదాపు నేల దాకా వంగిన తాటాకు కప్పు, గాలికి పట్టుచిక్కే మూల లేకపోవడం. అలాగని ఊరివాళ్లు మళ్లీ చుట్టిళ్లలోకి వెళ్లాలని, సెంట్రల్ హీటింగ్ ఉన్న ఇంట్లో కూర్చుని మనం చెప్పడం అన్యాయం. శ్లాబు ఇల్లు వాళ్లకు మర్యాద కూడా. ఆ చుట్టింటి లెక్కను శ్లాబు ఇంటికి ఎలా పట్టించాలో అక్కడి మేస్త్రీని కూర్చోబెట్టి మాట్లాడాలి, అంతే.

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగినప్పుడు మా పిన్ని అజిత్‌సింగ్ నగర్‌లో మొదటి అంతస్తులో చిక్కుకుపోయింది. మన సంఘం పంపిన సహాయ కిట్‌లో బియ్యం, కందిపప్పు, నూనె, దుప్పటి పెట్టాం. కింద వాటాలవాళ్ల గ్యాస్ పొయ్యి, సిలిండరు నీళ్లలో ఉన్నాయి, తాగడానికే నీళ్లు లేనప్పుడు వండడానికి ఎక్కడివి? ఆమెకు కావలసినవి తాగునీళ్లు, ఫోనుకు ఛార్జింగు, బీపీ మాత్రలు. నీళ్లు తీశాక కావలసింది బురద ఎత్తిపోసే మనిషి, కింది వాటాలో కుట్టుమిషను మీద బతికే అమ్మాయికి ఆ మిషను బాగుచేయించే డబ్బు. అప్పటికి మన నిధి అయిపోయింది. లారీకి కట్టిన బ్యానరు డిజైను నాదే, అక్షరాలు బాగా కనిపించాయని మెచ్చుకున్నారు కూడా.

ఆపదలో వేగం ముఖ్యం, పీకల్లోతు నీళ్లలో ఉన్నవాళ్ల దగ్గరికి సర్వే కాగితం పట్టుకుని వెళతామా అని కొందరు మిత్రులు అంటారు. నిజమే, వెళ్లకూడదు. అడగవలసింది తుఫానుల కాలానికి ముందు, వేసవిలో, తీరుబాటుగా. అడిగే పద్ధతిలోనూ మెలకువ కావాలి. ఊళ్లో సభ పెడితే కుర్చీలో కూర్చునేవాళ్లే మాట్లాడతారు. మరుగుదొడ్డికి గడియ కావాలన్న మాట ఆడవాళ్లు ఆ సభలో అనరు, డ్వాక్రా సంఘం మీటింగులో అంటారు. కౌలు రైతు ఒక మాట చెబుతాడు, ఆసామి మరో మాట చెబుతాడు. ఇద్దరి మాటలూ రాసుకుంటే తప్ప ధాన్యం బస్తాలు షెల్టరులోకి ఎందుకు వచ్చాయో మనకు అర్థం కాదు.

అందుచేత కార్యవర్గానికి రెండు సంగతులు రాశాను. ఇకపై విపత్తు నిధిలో కనీసం మూడో వంతు, ఆపద వచ్చిన నలభయ్యో రోజు దాకా ముట్టుకోకూడదు. హాలు ప్లానును మే నెల వరకు ఆమోదించకూడదు. ఆలోగా మన సభ్యుల్లో ఆ వైపు వెళ్లేవారు ఒక రాత్రి ఆ ఊళ్లోనే ఉండి, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో, నీళ్ల ట్యాంకు ఎంత ఎత్తున ఉండాలో, గేదెలు ఎన్ని ఉన్నాయో, నడవలేనివాళ్లు ఎవరి ఇంట్లో ఉన్నారో ఊరివాళ్లతోనే లెక్క వేయించి తేవాలి. గ్రీన్ రూం తీసేస్తే పశువులకు వాలుదారి పడుతుందని తాళంచెవి తెచ్చిన ఆ కుర్రాడు అక్కడే అడుగులు వేసి కొలిచి చెప్పాడు. ఆ కొలతలు నా దగ్గర ఉన్నాయి, వెళ్లేవారు అడిగితే పంపుతాను.