గజాల లెక్కలో గోల్ఫ్ చరిత్ర

విశాఖపట్నం గోల్ఫ్ చరిత్ర రాయడానికి కావలసిన అర్హతలన్నీ నాకున్నాయి. ఏనాడూ గోల్ఫ్ కర్ర పట్టుకోలేదు. ఊళ్లో గోల్ఫ్ క్లబ్బున్న ముడసర్లోవ మీదుగా మాత్రం బస్సులో చాలాసార్లు వెళ్లాను.

ఈ ఆట స్కాట్లండ్‌లో పుట్టిందని పుస్తకాల్లో ఉంటుంది. నేనొప్పుకోను. మడమతో గుంట తవ్వి అందులో గోళీ వేయడం మన పిల్లలకి తెలియనిదా? ఆ "గోళీ"యే దొరల నోట్లో నలిగి "గోల్ఫ్" అయ్యుంటుంది. సాక్ష్యం కూడా ఉంది. 1457లో స్కాట్లండ్ రాజు రెండో జేమ్స్, జనం విలువిద్య మానేసి దీని వెంట పడుతున్నారని ఆటను నిషేధించాడు. చదువు మానేశానని మా నాన్న నా గోళీలన్నీ బావిలో పారేసిందీ సరిగ్గా ఇందుకే. కాకపోతే రాజు మాట ఎవరూ వినలేదు, నాన్న మాట వినక తప్పలేదు.

1829 నాటికే కలకత్తాలో క్లబ్బు పెట్టుకున్న దొరలు, వాల్తేరు గాలి తగిలాక ఇక్కడ చేతులు కట్టుకుని కూర్చుంటారా? వాళ్లు పోయారు, కర్రలు మిగిలాయి. నిబంధన ప్రకారం ఒక్కో ఆటగాడికి 14 దాకా. ముడసర్లోవ కొండల్లో మేకలు కాసే ముసలాయనకి మాత్రం ఒకటే కర్ర.

నాకు బాగా నచ్చింది హ్యాండిక్యాప్. ఆటలో ఎంత వెనకబడితే లెక్కలోంచి అన్ని దెబ్బలు రాయితీ! రిజర్వేషన్లతో దేశం పాడైపోతోందని బాధపడే పెద్దమనుషులు ఇక్కడ మాత్రం తమ వాటా 18 దెబ్బలకి ఒక్కటి తగ్గినా ఊరుకోరట. ప్రతిభ సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాదు.

నా పరిశోధన ప్లాట్ల వ్యాపారం చేసే మా మావయ్యకి వినిపించాను.

"క్లబ్బు పేరేటన్నావు?"

"ఈస్ట్ పాయింట్."

"అయితే తూర్పు ఫేసింగే."

ఈస్ట్ పాయింట్ కాలనీ బీచ్ దగ్గరుంటే, క్లబ్బు ముడసర్లోవలో కొండల పక్కన ఉందని చెప్పాను. పట్టించుకోలేదు.

"ఒక్కో గుంటకి ఎన్ని గజాలు?"

"నాలుగొందలు. కొన్నయితే ఐదొందలు దాటతాయి. కానీ అవి బంతి మొదట కొట్టే చోటు నుంచి గుంట దాకా పొడవు గజాలు మావయ్యా, చదరపు గజాలు కాదు."

"వైజాగ్‌లో పొడవు గజాలు ఎవడు కొంటాడ్రా?"

ఆయన్నని లాభం లేదు. పక్కనే ముడసర్లోవ రిజర్వాయరులో 2 మెగావాట్ల సోలార్ పలకల్ని 2018లో నీళ్ల మీదే తేలేసిన ఊరిది. ఇక్కడ ఖాళీ నేల కనిపిస్తే ఎవరికైనా నిద్ర పట్టదు.

"మొత్తం పద్దెనిమిది గుంటలా? ఏ మూలన?"

"అన్ని మూలలా ఉంటాయి."

"నైరుతిలో కూడానా?"

వెడల్పు 108 మిల్లీమీటర్లేనని సర్దిచెప్పబోయాను. ఆయన మొహం అప్పటికే పాలిపోయింది.

"చరిత్ర తర్వాత రాద్దువు గాని. ముందు ఆ నైరుతి గుంట పూడ్పించమను."