మరుగుజ్జు బోవా అనకొండకు తమ్ముడు కాదు

చుట్ట చుట్టుకున్న ఒక చిన్న పాము ఫొటో, దాని కింద నాలుగు మాటలు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. "ఇది క్యూబా మరుగుజ్జు కొండచిలువ. అనకొండకు తమ్ముడు. దీవిలో తిండి చాలక తరతరాలుగా కుంచించుకుపోయింది. కోపమొస్తే కళ్లలోంచి విషపు రక్తం చిమ్ముతుంది. ఊసరవెల్లిలా రంగు మారుస్తుంది. ఇలాంటి పాము కనబడితే వెంటనే చంపేయండి."

ఇందులో పూర్తిగా సరైనది క్యూబా అన్న మాట ఒక్కటే. మిగతావి వరసగా చూద్దాం.

మొదట చుట్టరికం. ఈ పాముల ప్రజాతి పేరు ట్రోపిడోఫిస్. ఇందులో ముప్పైకి పైగా జాతులున్నాయి, దాదాపు సగం క్యూబాలోనే. వీటిని బోవాలనడం, అంటే అనకొండ ఉన్న కుటుంబంలో కలిపేయడం, సందేశం రాసినాయన ఒక్కడి పొరపాటే కాదు. ఇవి ఎరను చుట్టి నలిపి చంపుతాయి, గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కంటాయి, చాలావాటిలో కటి ఎముకల ఆనవాళ్లు మిగిలే ఉన్నాయి. అవన్నీ చూసి శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం వీటిని బోవాల కుటుంబంలోనే పెట్టారు. క్యూబాలో పెద్ద బోవాను 'మహా' అంటారు, ఈ చిన్నదాన్ని 'మహసీతో బోబో' అంటారు. అంటే అమాయకపు చిన్న మహా అని. జనం పోలికను చూసి పేరు పెడతారు, అందులో తప్పేమీ లేదు. కానీ పోలికే చుట్టరికం అనుకోకూడదు. రెండిళ్లలోనూ పాత తిరగలి ఉన్నంత మాత్రాన ఆ ఇళ్లవాళ్లు అన్నదమ్ములైపోరు. కటి ఎముకల ఆనవాళ్లూ అలాంటివే. బల్లుల్లాంటి పూర్వీకుల నుంచి వచ్చిన ఆ పాత సొత్తును కొన్ని వంశాలు దాచుకున్నాయి, కొన్ని పోగొట్టుకున్నాయి.

అసలు సంగతి డీఎన్ఏ పోల్చి చూసినప్పుడు బయటపడింది. ట్రోపిడోఫిస్‌కు దగ్గరి బంధువులు రెండే. ఒకటి ట్రకీబోవా, ఇది కూడా అదే కుటుంబంలోది. రెండోది అమెజాన్ నేలలో తవ్వుకుని బతికే ఎరుపు, నలుపు పట్టీల పాము అనిలియస్. 2007లో నికొలా విడాల్, ఆన్ సోఫీ డెల్మా, బ్లేర్ హెడ్జెస్ ఈ కొమ్మకు అమెరోఫిడియా అని పేరు పెట్టారు. అవతలి కొమ్మ ఆఫ్రోఫిడియా. తాచు, కట్లపాము, జెర్రిపోతు, కొండచిలువ, అనకొండ, మన పూడు పాము అన్నీ ఆ కొమ్మలోవే. దక్షిణ అమెరికా, ఆఫ్రికా ఒకదాన్నొకటి వదిలి దూరమైన కాలంలో ఈ రెండు కొమ్మలూ వేరుపడ్డాయని వాళ్ల వాదన. దీన్నిబట్టి, అనకొండకు ట్రోపిడోఫిస్ కన్నా మన తాచుపామే దగ్గరి చుట్టం. మొదటిసారి చదివినప్పుడు నేను ఆ వంశవృక్షాన్ని రెండుసార్లు వేలుపెట్టి చూసుకున్నాను.

దీన్ని అందరూ వెంటనే ఒప్పుకోలేదు. పుర్రె నిర్మాణంలో అనిలియస్‌కూ ట్రోపిడోఫిస్‌కూ పొంతన లేదు. అనిలియస్ నోరు పెద్దగా తెరుచుకోదు, ట్రోపిడోఫిస్ నోరు బాగా సాగుతుంది. ఆ సందేహం న్యాయమైనదే. అయితే 2011లో శరీర నిర్మాణం నుంచే ఒక సాక్ష్యం దొరికింది. ఆడపాముల్లో స్త్రీబీజవాహికలు అవస్కరానికి, అంటే మలమూత్రాలకూ పిల్లలకూ ఉన్న ఒకే ద్వారానికి, కలిసే తీరు ఈ రెండింటిలోనూ ఒకటే, అది మిగతా పాముల్లో కనబడని తీరు. ఊపిరితిత్తుల్లోనూ తేడా ఉంది. అసలు బోవాలకు ఎడమ ఊపిరితిత్తి ఉంటుంది. ట్రోపిడోఫిస్‌కు అది నామమాత్రం, లేదా అసలే లేదు.

ఇక దీవిలో తిండి చాలక కుంచించుకుపోయిందన్న కథ. అదే క్యూబాలో అసలైన బోవా, కైలబోత్రస్ ఆంగ్యులిఫర్, 3 మీటర్లు దాటి పెరుగుతుంది. దానికి చాలిన దీవి దీనికి చాలలేదా? పైగా ట్రోపిడోఫిస్ జాతులు దీవులు కాని బ్రెజిల్, పెరూ, ఈక్వడార్‌లలోనూ ఉన్నాయి, అక్కడా చిన్నవే. ఈక్వడార్ అమెజాన్ ప్రాంతంలో దొరికిన ఒక జాతికి 2022లో ఆ దేశపు ఆదివాసీ నాయకురాలు డొలోరెస్ కకువాంగో పేరు పెట్టారు. ఈ పాముల్లో ఎక్కువ భాగం మూరెడు, మూరన్నర పొడవే. క్యూబాలో ఉండే ట్రోపిడోఫిస్ మెలన్యూరస్ ఒక్కటే మీటరు దాకా వస్తుంది. రాత్రిపూట కప్పల్నీ, నిద్రపోతున్న చిన్న బల్లుల్నీ పట్టుకునే పాముకు అంతకన్నా పెద్ద ఒళ్లెందుకు?

రక్తం మాట సగం నిజం. దాన్ని పట్టుకుంటే మొదట ఉండలా చుట్టుకుంటుంది, దుర్వాసన వచ్చే ద్రవం వదులుతుంది. మరీ వేధిస్తే కళ్లు ఎర్రబడి నోట్లోంచి, కళ్లలోంచి రక్తం కారుతుంది. కారుతుందే తప్ప చిమ్మదు. ఆ రక్తంలో విషమూ లేదు. పాముకు విషకోరలే లేవు. రక్తపింజరి కాటుకు రక్తం కారుతుందని చిన్నప్పటి నుంచి విన్న మనకు, పామూ రక్తమూ ఒకచోట కనబడితే గుండె జారడం సహజం. అక్కడ రక్తం కారేది కాటు తిన్న మనిషికి, ఇక్కడ భయపడిన పాముకు.

రంగు మారడమూ ఉంది, కానీ పరిసరాలను బట్టి కాదు. పగలు దాక్కున్నప్పుడు ముదురుగా, రాత్రి వేటకు తిరిగేటప్పుడు లేతగా ఉంటుంది.

చివరి వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది. క్యూబా పాము మన ఊళ్లో ఎవరికీ కనబడదు. "ఇలాంటి పాము" అంటే మనవాళ్ల కంటబడేది పొట్టిగా, లావుగా, మచ్చలతో ఉండే మన గరుకు పొలుసుల పూడు పాము. విషం లేని ఆ పామును ఇప్పటికే రక్తపింజరి అనుకుని పొలం గట్ల మీద కొట్టేస్తున్నారు. ఈ సందేశాన్ని మీ గ్రూపులో పెట్టినవాళ్లుంటే, ఆ ఒక్క వాక్యాన్నైనా తీసేయమని అడగండి.