నూనె క్యాన్ మీది ‘కొలెస్ట్రాల్ ఫ్రీ’ ముద్రగారికి

మహారాజశ్రీ ‘కొలెస్ట్రాల్ ఫ్రీ’ ముద్రగారికి, అనంతపురం నుంచి మీ పాత భక్తుడు వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము అంత క్షేమం కాదు. అక్కడ మీరు క్షేమమేనని కిరాణా కొట్టు ముందు నుంచి పోయినప్పుడల్లా కనబడుతూనే ఉంది.

ఐదేళ్ల కిందట ఐదు లీటర్ల క్యాన్ మీద మిమ్మల్ని మొదటిసారి చూశాను. ఎర్రటి గుండె బొమ్మ, పక్కన బూట్లేసుకుని పరుగెత్తే మొగుడూ పెళ్లాలూ. ఆయనెవరో నా బదులు పరుగెత్తుతున్నాడు కదా అని నేను కూర్చున్నాను.

మీరు అబద్ధమాడారని నేననను. కొలెస్ట్రాల్ తయారయ్యేది జంతువుల ఒంట్లో. గింజల నూనెలో లెక్కపెట్టేంత ఉండదు. బుడ్డల నూనెలో, అదే వేరుశనగ నూనెలో, కొలెస్ట్రాల్ లేదని అచ్చేసుకోవడం, కోడికి కొమ్ముల్లేవని బోర్డు పెట్టడం ఒకటే. బుడ్డలు పండించే జిల్లాలో పుట్టి ఆ మాత్రం తెలియకపోవడం నా తప్పే. అయితే ఒకటి చెప్పండి. పామోలిన్ ప్యాకెట్ మీదా మీరే ఉంటారేమండీ? అందులో వందకు నలభై వంతులకు పైగా సంతృప్త కొవ్వు, అంటే చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్‌ని పెంచే సరుకు. వనస్పతిలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, ఆ లెక్కన అదీ మీ చుట్టమే. దాంట్లో ఉండే, గుండెకు చెడుచేసే ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి ప్రభుత్వమే కట్టడి చేయాల్సి వచ్చింది.

మీ అండ చూసుకుని నేను సాగించిన వైభోగం వినండి. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో రెండు రౌండ్లు. అందులో ఒకటిన్నర రౌండు రాజకీయాలు. అక్కడి నుంచి నేరుగా బొరుగుల ఉగ్గాని బండి దగ్గరికి. బాణలిలో మిరపకాయ బజ్జీ బోర్లా పడి బుసబుసమంటుంటే, నూనె రంగు చూసి ఒకరోజు సందేహం వచ్చి అడిగాను. బండాయన జల్లిగంటె పక్కన పెట్టి, బండి కింద నుంచి ఖాళీ ప్యాకెట్ తీసి మిమ్మల్నే చూపించాడు. ‘‘కొలెస్ట్రాల్ ఫ్రీ సార్. ఇంకో రెండు వేయమంటారా?’’ వేయమన్నాను. ఇంట్లో మాత్రం మహా నిష్ఠ. గుడ్డులో పచ్చసొన తీసి వీధికుక్కకు పెట్టేవాణ్ని. ఐదేళ్లుగా తింటోంది, ఇప్పటికీ మా వీధిలో నాకంటే వేగంగా పరుగెత్తేది అదే.

ఈమధ్య పరీక్షలు చేయించుకున్నాను. డాక్టరు పెన్నుతో ఒక్కోదానికీ సున్నా చుడుతూ పోయాడు. నడుము 102 సెంటీమీటర్లు. మన దేశపు మగవాళ్లకు 90 దాటితే ఎక్కువట. రక్తంలో తిరిగే కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు 286, 150 లోపు ఉండాలి. మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 33, కనీసం 40 ఉండాలి. బీపీ 138/88. పరగడుపు షుగరు 109. ఐదింటిలో మూడుంటే చాలు మెటబాలిక్ సిండ్రోమ్ అంటారట, గుండెజబ్బుకీ షుగరుకీ దారితీసే తేడాల గుంపన్నమాట. నాకు ఐదుకి ఐదు! చదువుకునే రోజుల్లో ఏనాడూ ఫుల్ మార్కులు రాలేదు. ఇంకా విచిత్రమేమంటే, మనమంతా భయపడే ఎల్‌డీఎల్ ఆ ఐదింటిలో లేనే లేదు. నాకది 118 ఉంది, దాన్ని విడిగా చూడాలన్నాడు.

‘‘మరి నేను తినే నూనె...’’ అంటూ మీ పేరెత్తబోయాను. ‘‘నూనె సంగతి తర్వాత. బొరుగులెన్ని, అన్నమెంత, రోజుకు టీలెన్ని?’’ అన్నాడు. టీలు ఐదు, టీకి రెండు చెంచాల చక్కెర. కండరాలకు పని లేనప్పుడు ఆ పిండీ చక్కెరా లివర్‌కి చేరి కొవ్వయి, ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలో తిరుగుతాయట. అవి పెరిగేకొద్దీ హెచ్‌డీఎల్ తగ్గుతుందట. మిల్లులో బియ్యం పోసి నూనె డబ్బా పట్టుకున్నట్టుంది వ్యవహారం. బియ్యంలోనూ కొలెస్ట్రాల్ లేదు. చక్కెరలోనూ లేదు. మీరు వాటి మీదికి ఇంకా ఎందుకెక్కలేదో!

మూడు నెలలు కుదురుగా ఉన్నాను. మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రి జొన్నరొట్టె, అనపగింజల కూర. టీలో చక్కెర మానేసిన మొదటి వారం ఇంట్లో అందరి మీదా అరిచాను. గ్రౌండులో ఇప్పుడు నలభై నిమిషాలు, మాట్లాడలేనంత వేగంగా. రాజకీయాలు పూర్తిగా వెనకబడ్డాయి. ట్రైగ్లిజరైడ్లు 178కి దిగాయి, నడుము 97కి వచ్చింది. హెచ్‌డీఎల్ మూడు పాయింట్లు పెరిగింది, అదీ డీఏ బకాయిలా ఎదురుచూడగా చూడగా. ఎల్‌డీఎల్ మాత్రం 114 దగ్గర మొండికేసింది. ఒట్టి నడకకు అది అంతగా లొంగదట. నెయ్యి, పామోలిన్, బేకరీ పఫ్ తగ్గించి పప్పులూ పీచూ పెంచాలి. అప్పటికీ దిగకపోతే మాత్ర సంగతి చూద్దామన్నాడు. పఫ్ దగ్గర నేనింకా బేరమాడుతున్నాను.

మీ క్యాన్ అయిపోయింది. మా ఆవిడ దాన్ని నడిమికి కోసి, మట్టి పోసి, మిద్దె మీద కరివేపాకు మొక్క నాటింది. ఎండకు గుండె బొమ్మ తెల్లబోయింది, పరుగెత్తే దంపతుల్లో ఆయనకు కాళ్లు చెరిగిపోయాయి. మీరు మాత్రం నిక్షేపంగా ఉన్నారు. చెట్టుకు కొలెస్ట్రాల్ లేదని వచ్చేపోయే కాకులకు చెబుతున్నారు.

ఇట్లు,
97 సెంటీమీటర్ల మీ మాజీ భక్తుడు