మేష్టారింటికి మందు కొట్టారు

దోమ చావాలంటే గోడకి మందు కొట్టడమేమిటని మా పిన్నికి మొదట్నుంచీ అనుమానమే. "గాల్లో ఎగిరేదాన్ని వదిలేసి గోడమీద పడతారేంటి?" అంటుంది. బాబాయి పాడేరు ఏజెన్సీలో స్కూలు మేష్టారు. ఎవరేం అడిగినా పాఠం చెప్పకుండా ఉండలేడు. "మలేరియా దోమ రాత్రి మనల్ని కుట్టి, కడుపు బరువెక్కి, దగ్గర్లో ఉన్న గోడమీద వాలుతుందే. అప్పుడు మందు దాని కాళ్లకి అంటుకుని చస్తుంది."

"అంటే ముందు మనల్ని కుట్టనివ్వాలా?"

పిన్ని మాటలో న్యాయం ఉంది. ఈ మందు కాపాడేది కుట్టించుకున్నవాణ్ణి కాదు. దోమ కడుపులో మలేరియా క్రిమి ముదరడానికి 10 రోజులో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఆలోపు దోమ చస్తే, అది తర్వాత కుట్టబోయేవాళ్లు బతికిపోతారు.

"ఎదురింటివాళ్ల కోసం నా గోడలు పాడు చేసుకోవాలన్నమాట" అని పిన్ని తేల్చేసింది.

వానలు పడకముందే మొదటి విడత మందు కొట్టేవాళ్లు వచ్చేశారు. "మేష్టారూ, సామాన్లన్నీ బయటెట్టండి!" అని వీధిలోంచే కేక. బియ్యం డబ్బా, ఆవకాయ జాడీ, దేవుడి పటాలు, మంచం కింద ఏళ్ల తరబడి దాక్కున్నవన్నీ వాకిట్లోకొచ్చాయి. వీధిలో అందరి సంసారాలూ వాకిట్లోనే ఉన్నాయి కాబట్టి అందరికీ తీరికే, అందరి కళ్లూ పక్కవాళ్ల సామాన్లమీదే.

ఎదురింటావిడ వచ్చి స్టీలు క్యారేజీ ఎత్తి, అడుగున కొట్టించిన పేరు చదువుకుంది. పేరు ఆవిడదే. "పోయిందనుకుని ఇంట్లో ఎంత గొడవ పడ్డామో!" అంది. ఆ వెనకే ఇంకొకావిడ చాట, మరొకావిడ కొబ్బరికోరు బయటపడ్డాయి. పిన్ని మొహం చూడలేక బాబాయి అటు తిరిగాడు. సరిగ్గా అప్పుడే ఒక కుర్రాడు మంచం కింది సామాన్లలోంచి స్కూలు వాలీబాలు బయటికి లాగాడు. దాన్ని పోగొట్టారని ఏడాదంతా బాబాయి ఆ పిల్లలనే తిడుతూ వచ్చాడు!

లోపల మందువాళ్లకి ఇవేవీ పట్టలేదు. ఒకాయన కాలితో పంపు తొక్కిపెట్టి కొడుతుంటే, రెండో ఆయన గొట్టం గోడకి 45 సెంటీమీటర్ల దూరంలో పట్టి, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి పట్టీలు పట్టీలుగా కొట్టుకుంటూ పోయాడు. అయ్యాక తలుపుమీద తేదీ రాసి చెప్పాడు: "10 వారాలు మందు పని చేస్తది. అందాకా సున్నం ఎయ్యకండి, గోడలు అలకకండి."

పిన్ని చెవికి అది ఎక్కే స్థితిలో లేదు. క్యారేజీ సంగతి సరే, అలమర వెనక బూజు కూడా వీధంతా చూసింది. పైగా ఇప్పుడు గోడలనిండా తెల్లటి మరకలు. బాబాయి ఏదో ట్రైనింగని విశాఖపట్నం బస్సెక్కాడో లేదో, మనిషిని పిలిపించి ఇల్లంతా సున్నం వేయించేసింది. పరువు నిలబడింది. మందు మాత్రం సున్నం కిందికి పోయింది.

వారం తిరక్కుండా సూపర్‌వైజరు తనిఖీకి వచ్చాడు. పిన్ని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీతోపాటు వేయించిన ఒడియాలు పెట్టింది. "గోడలు ఎలా మెరుస్తున్నాయో చూడండి" అంది. ఆయన చూశాడు. రిజిస్టరు తిప్పి మళ్లీ చూశాడు.

"స్కూల్లో మలేరియా మీద ఉపన్యాసం ఇచ్చింది ఈ ఇంటి మేష్టారేనా? 1953లో దేశమంతా మందు కొట్టడం మొదలైందనీ, జబ్బు దాదాపు పోయిందనీ, అశ్రద్ధ చేస్తే 1976కల్లా 64 లక్షల కేసులయ్యాయనీ పిల్లలు గడగడా అప్పజెప్పారు."

"ఆయనేనండీ. ఉపన్యాసాలకేం లోటు లేదు" అంది పిన్ని.

ఆయన నిట్టూర్చి, ఇంటి నంబరు పక్కన 'సున్నం వేశారు' అని రాసుకున్నాడు. "ఇంక రెండో విడతకే అమ్మా. అందాకా దోమతెరైనా కట్టుకోండి. గవర్నమెంటు ఇచ్చింది, మందు పట్టించిన తెర ఉంది కదా?"

"ఎందుకు లేదూ! భలే గట్టిదండీ. ఒడియాలు ఎండబెట్టినప్పుడు కాకులు రాకుండా దాన్నే కప్పుతాను."

సూపర్‌వైజరు నోట్లో రెండో ఒడియం కరకరలాడటం ఆగిపోయింది.