తెల్లారేసరికి సర్దుకోని చెవులు

డెల్టా గ్రామాల్లో పెళ్ళి ఊరేగింపయినా, వినాయక నిమజ్జనమైనా, సంక్రాంతి సంబరమైనా డీజే బాక్సుల మోత లేకుండా సాగడం లేదు. అర్ధరాత్రి ఇల్లు చేరిన కుర్రవాడు చెవులు దిబ్బడ వేశాయనీ, లోపల ఏదో హోరుగా ఉందనీ చెబితే, పడుకుంటే తెల్లారేసరికి సర్దుకుంటుందని పెద్దలు అంటారు. చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో సర్దుకున్నట్టే ఉంటుంది కూడా. ఆ ధీమాయే అసలు ప్రమాదమని మేము భావిస్తున్నాము.

లోపలి చెవిలో, మన కాలువ గట్లపై కనిపించే నత్తగుల్లను పోలిన కాక్లియా అనే భాగం ఉంది. ద్రవంతో నిండిన ఆ గుల్లలో ఒక్కో చెవికి సుమారు 15,000 కేశకణాలు ఉంటాయి. శబ్దం వచ్చినప్పుడు వాటి కొసనున్న సన్నని నూగు కదులుతుంది. ఆ కదలికే విద్యుత్ సంకేతమై నాడి గుండా మెదడును చేరుతుంది. మితిమీరిన శబ్దం ఆ నూగును విరుస్తుంది, కణాన్ని శక్తికి మించి పనిచేయించి దానిలో హానికర రసాయనాలు పేరుకునేలా చేస్తుంది. మోత ఆగిన తరువాత కూడా కొన్ని రోజులపాటు ఆ నష్టం లోపల కొనసాగుతూనే ఉంటుంది. సార్వా (వానాకాలపు వరి) తుపానుకు పోయినా రైతుకు దాళ్వా (రెండో పంట) మీద ఆశ మిగులుతుంది కాని, చచ్చిన కేశకణం స్థానంలో మరొకటి పుట్టదు. కోళ్ళలో ఈ కణాలు తిరిగి పుడతాయని 1980లలోనే తేలింది; మనిషికి ఆ భాగ్యం లేదు.

మరి సర్దుకుందనుకున్న చెవి మాటేమిటి? 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, రెండు గంటలు పెద్ద శబ్దానికి గురైన చిట్టెలుకల వినికిడి పరీక్షల్లో మామూలు స్థాయికి వచ్చినా, కేశకణాలను నాడితో కలిపే సంధానాలు కొన్నిచోట్ల దాదాపు సగం శాశ్వతంగా పోయినట్టు కనిపించింది. మనుషుల్లోనూ నష్టం నెమ్మదిగా, నొప్పి లేకుండా సాగుతుంది. ముందుగా 4,000 హెర్ట్జ్ పరిసరాల్లోని సన్నని ధ్వనులు పోతాయి గనుక, ‘స’, ‘ష’ వంటి హల్లులు జారిపోయి, మాట వినిపించినా అర్థం కాని స్థితి వస్తుంది. ఇంట్లోవాళ్ళు దానిని పరధ్యానమనుకొని విసుక్కుంటారు.

ఊరేగింపుల కంటే మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది రోజువారీ మోత. రైసుమిల్లులో పాలిషర్ పక్కన పనిచేసేవారికీ, చెరువు గట్టున డీజిల్ జనరేటర్ దగ్గర కాపలా ఉండేవారికీ, వరికోత యంత్రం నడిపేవారికీ పండుగతో ఆగిపోయే శబ్దం కాదది. శబ్ద తీవ్రతను డెసిబెళ్ళలో కొలుస్తారు; రోజుకు 8 గంటలు వినగలిగే హద్దు 85 డెసిబెళ్ళని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెళ్ళకూ శబ్దశక్తి రెట్టింపై, వినగలిగే సమయం సగానికి పడిపోతుంది. 100 డెసిబెళ్ళ వద్ద అది 15 నిమిషాలు మాత్రమే. ఈ కార్మికులకు చెవి రక్షణ తొడుగులు ఇవ్వడం, ఏడాదికొకసారి వినికిడి పరీక్ష చేయించడం యజమానుల బాధ్యత. తాడేపల్లిగూడెంలోనో మండపేటలోనో మిల్లు నడిపే వ్యాపారికి అది భారమంటే మేము ఒప్పుకోలేము.

చట్టం లేకపోలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళ పరిమితి విధించాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లను నిషేధించాయి. పండుగల పేరిట ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్రానికి ఉన్నా, ఆ సడలింపు శబ్దం ఎంతైనా పెంచుకోమన్న అనుమతి కాదు. ఊరేగింపు వెంట నడిచే పోలీసు చేతిలో శబ్దాన్ని కొలిచే మీటరు లేనప్పుడు ఈ అంకెలు కాగితం మీదే ఉంటాయి. వచ్చే పండుగల లోపు డెల్టాలోని ప్రతి పోలీసు స్టేషనుకూ ఆ మీటరు ఇవ్వాలని, అనుమతి పత్రంలోనే శబ్ద పరిమితిని రాసి నిర్వాహకుల సంతకం తీసుకోవాలని మేము కోరుతున్నాము.

అధికారులు కదిలేవరకు ఆగనక్కరలేని పని ఒకటుంది. ఆరుబయట, శబ్దం వచ్చే చోటికి దూరం రెట్టింపు చేస్తే సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. చంటిపిల్లలను భుజాలపై ఎక్కించుకొని బాక్సుల ముందు నిలబడే తండ్రులు ఈ సాయంత్రం నుంచే వెనక్కి జరగాలి.