చెరి సగం

నదీజలాల పంచాయితీ ఎక్కడ మొదలైనా, "ఇటైపుని చూసి నేర్చుకోండి" అని ఓ మేధావి లేస్తాడు. దక్షిణ అమెరికాలో పరానా నది మీద బ్రెజిల్, పరాగ్వే కలిసి కట్టుకున్న జలవిద్యుత్ డ్యామ్ అది, 14,000 మెగావాట్ల ఆదర్శ సంసారమట. సరే, నేర్చుకుందాం.

1973 ఒప్పందం ప్రకారం కరెంటు చెరి సగం. ఆహా, ధర్మం నాలుగు పాదాల మీద నడిచింది! చిన్న దేశం పరాగ్వే తన సగమంతా వాడుకోలేదు. పోనీ, మిగిలింది పక్కనున్న అర్జెంటీనాకి అమ్ముకుంటుందా? కుదరదు. బ్రెజిల్‌కే ఇవ్వాలి, అదీ కాగితం మీద రాసిన రేటుకే. సొంత సరుకు బేరం పెట్టుకునే స్వేచ్ఛ ఒక్కటే లేదు, మిగతాదంతా సమానమే. అప్పట్లో అటు బ్రెజిల్‌లో సైనిక పాలన, ఇటు పరాగ్వేలో నియంత స్ట్రోస్నర్. జనాన్ని అడిగే దురలవాటు ఇద్దరికీ లేదు. ఆ మిగులు కరెంటుకి పరాగ్వేకి ఏటా ఇచ్చే 12 కోట్ల డాలర్ల పరిహారాన్ని 36 కోట్లు చేస్తామని బ్రెజిల్ ఒప్పుకోవడానికి 2009 దాకా పట్టింది.

అసలు వినోదం ఆ కరెంటు ప్రయాణంలో ఉంది. 20 టర్బైన్లలో పది 50 హెర్ట్జ్, పది 60. హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, అదే ఫ్రీక్వెన్సీ. పరాగ్వేది 50, బ్రెజిల్‌ది 60. "మీరూ మారండి" అంటే పరాగ్వే ససేమిరా అంది. దాంతో పరాగ్వే కరెంటు సరిహద్దు దాటగానే బ్రెజిల్ ఊరు ఫోజ్ దో ఇగ్వాసు దగ్గర తనిఖీ.

"ఫ్రీక్వెన్సీ?"

"యాభై సార్."

"ఇక్కడ చెల్లదు. డీసీగా మారి రా."

పాపం ఊగడం మానేసి ఒకే దిశలో పారే డీసీ అవతారమెత్తి, సావో పాలో వైపు దాదాపు 800 కిలోమీటర్లు పోయి, అక్కడ మళ్లీ ఊగే ఏసీ అయి, అరవై చెప్పించుకుని మరీ బల్బులో దూరుతుంది. వీసా ఆఫీసులో కూడా ఇన్ని తిప్పలుండవు.

మరి ముంచినదాంట్లో ఎవరి సగం ఎంత? నీటి ఉధృతిలో నయాగరాని మించిన సెతె కేదాస్ జలపాతం అక్కడుండేది. 1961లో దాన్ని నేషనల్ పార్కు చేశారు. డ్యామ్‌కి అడ్డమని 1981లో ఆ పార్కునే రద్దు చేశారు. 1982లో ముంచేశారు. అప్పటికీ కసి తీరక, పడవలకు అడ్డమని మునిగిన రాళ్లకు డైనమైట్ పెట్టి పేల్చారు.

ఆ ఒడ్డున బతికిన అవా గ్వారానీ ఆదివాసులకు మెగావాట్ కూడా అక్కర్లేదు, వాళ్ల నేల కావాలి. మునిగింది 1,35,000 హెక్టార్లు. బ్రెజిల్ వైపు వాళ్ల కోసం 3,000 హెక్టార్లు కొనిస్తామని ఒప్పుకున్నది 2025లో. రిజర్వాయర్ నింపడానికి మాత్రం డ్యామ్ కట్టినవాళ్లకి రెండు వారాలు చాలింది. సిగ్గుండాలి.